కొండడి మూతి మీద బూడిద

ఒకప్పుడు కుక్కల ముసలితనం మొహంలో కనిపించేది కాదు. నల్లగా పుట్టిన కుక్క నల్లగానే ముసలిదయ్యేది, నల్లగానే పోయేది. అది పడుచుదో ముసలిదో తెలియాలంటే మనిషి దాని దగ్గర కూర్చుని చూడాలి. అంత ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఆ రోజుల్లో కొమరెల్లి అనే గొర్రెల కాపరి ఉండేవాడు. గుట్ట కింద గుడిసె వేసుకుని, భార్య ఓదెమ్మతో కలిసి మందను సాకేవాడు. ఆ మందకు కాపలా కొండడు. పేరుకు తగ్గ కుక్క. దూడంత ఎత్తు, గొంగడి లాంటి నలుపు. వాడు ఒక్కసారి మొరిగితే చాలు, తోడేలు వెనక్కి చూడకుండా పక్క గుట్ట ఎక్కేది.

కొమరెల్లి నియమం తప్పని మనిషి. పొద్దున్నే అంబలి కాగగానే మొదటి గరిటె కొండడి రాతి తొట్టిలో పోసేవాడు. ఆ తరువాతే తాను తాగేవాడు.

"మందను కాచిన నోటికి ముందు, నా నోటికి తరువాత" అని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా.

ఇలా ఏళ్లు గడిచాయి. ఒక చలికాలం కొండడు గుట్ట ఎక్కుతూ ఎక్కుతూ సగంలో కూర్చోసాగాడు.

"ఏం కొండన్నా, మమ్మల్ని నువ్వు కాస్తున్నావా, నిన్ను మేము కాస్తున్నామా?" అని ఒక గొర్రె వెక్కిరించింది.

"ఇక్కడ గడ్డి బాగుంది కదా, మీరు నిదానంగా మేస్తారని ఆగాను" అన్నాడు కొండడు.

మోకాళ్లు నొప్పులని చెప్పలేదు. ఇంత ఒళ్లు పెట్టుకుని ఆ మాట ఎలా చెప్పడం? సిగ్గు.

దూరం నుంచి కొమరెల్లి ఈల వేస్తే కొండడు పలకలేదు. వాడికి ఈల వినిపించలేదు. వినిపించినా లెక్కచేయడం లేదని కొమరెల్లి అనుకున్నాడు.

"ఏమయ్యా, కొండడు అదోలా ఉన్నాడు. ఒకసారి దగ్గరికి పోయి చూడరాదూ?" అంది ఓదెమ్మ.

"చూసేదేముంది? వాడికి కొవ్వెక్కింది. ఆ ఒళ్లు చూడు, ఎక్కడన్నా తగ్గిందా? పని ఎగ్గొట్టేవాడికి అంబలి ఎందుకు?"

మరునాటి నుంచి మొదటి గరిటె మందలోని చిటికె అనే పడుచు కుక్కకు పోయింది. కొండడి తొట్టిలో ఎండు జొన్నరొట్టె పడింది. సాయంత్రానికి తొట్టి ఖాళీగా కనిపించేది. "చూశావా, తిండి మాత్రం మానడు" అనేవాడు కొమరెల్లి.

ఒకనాడు మంద గుట్ట మీదికి పోయింది. కొండడు నాలుగు అడుగులు వేసి, ఇక వేయలేక గుడిసె దగ్గరే ఆగిపోయాడు. చలిగాలి వాడి ఒంటి చుట్టూ తిరిగింది.

"ముసలోడా, ఎక్కడ నొప్పి? ఇక్కడా? ఇక్కడా?" అంటూ కీలు కీలునూ తడిమింది.

అప్పుడు ఆరుబయట పొయ్యిలోని బూడిద మెల్లగా పిలిచింది. "కొండా, ఇటు రా. మంట ఆరిపోయింది గానీ నాలో వేడి ఇంకా ఉంది. కాసేపు పడుకో."

"మంద గుట్ట మీద ఉంది. నేను పొయ్యి దగ్గర పడుకుంటే ఎవరైనా చూస్తే?"

"ఎవరూ చూడరులే, రా."

కొండడు వచ్చి పడుకున్నాడు. మూతి బూడిదలో పెట్టుకున్నాడు. ఎన్నాళ్లకో వాడి కళ్లు హాయిగా మూతపడ్డాయి.

మధ్యాహ్నం కొమరెల్లి నీళ్లకని గుడిసెకు వచ్చాడు. చూస్తే పాలకుండ సగం ఖాళీ. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా కొండడు. నల్లని మొహం మీద తెల్లని మూతి!

"ఒరే దొంగా! పాలు తాగావా?"

"లేదు. నేను పాలు ముట్టలేదు."

"మరి ఆ తెలుపు ఏమిటి? చెప్పరా!"

కొండడు తల దించుకున్నాడు. మంద మేతకు పోతే తాను వెచ్చగా నిద్రపోయానని యజమానికి ఎలా చెప్పడం? దొంగ అనిపించుకోవడం కన్నా అదే వాడికి పెద్ద సిగ్గు.

ఆ కాపరుల్లో ఒక కట్టుబాటు ఉంది. పాలకుండలో మూతిపెట్టిన కుక్క తొట్టి బోర్లించేస్తారు. తొట్టి బోర్లించాక ఆ కుక్కకు మందలో చోటు లేదు. కొమరెల్లి రాతి తొట్టిని కాలితో తన్ని బోర్లించాడు.

"పో! వాగు దాటి పో! మళ్లీ నా కంట పడకు."

కొండడు కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

కాసేపటికి ఓదెమ్మ గుడిసె వెనకనుంచి ఒక పసి గొర్రెపిల్లను ఎత్తుకుని వచ్చింది.

"తల్లి చచ్చిన పిల్ల కదా, పాలు పట్టించి వస్తున్నాను. సగం కుండ తాగేసింది పాపిష్టిది" అని నవ్వింది. అంతలో బోర్లా పడిన తొట్టి చూసి ఆగిపోయింది. "అయ్యో, ఇదేం పని? ఇది కొండడి తొట్టి కదా!"

కొమరెల్లి పాలకుండ వైపు చూశాడు.

ఓదెమ్మ తొట్టిని నిలబెట్టబోయింది. దాని వెనక మట్టి మెత్తగా కాలికి తగిలింది. కదిపితే జొన్నరొట్టె బయటపడింది. ఒకటి కాదు, ఏడెనిమిది. కొమరెల్లి ఒక రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద చొంగ ఎండిన చారలున్నాయి. పంటి గాటు ఒక్కటీ లేదు.

"పళ్లు లేవు వాడికి" అంది ఓదెమ్మ. "నమలలేక, నీకు తెలియనీయక దాచుకున్నాడు."

కొమరెల్లి పొయ్యి వైపు చూశాడు. పక్కన మట్టిలో పెద్ద ఒళ్లు పడుకున్న గుర్తు. దాని ముందు, బూడిదలో మూతి ఆనించిన చిన్న గుంట.

అతని మొహం మాడిపోయింది. ఎన్నేళ్లుగానో నలుగురిలో చెప్పుకున్న తన నియమం గుర్తొచ్చి, తల ఎత్తి భార్యను చూడలేకపోయాడు. వాగు వైపు పరుగెత్తాడు.

కొండడు వాగు ఇవతలి గట్టు మీదే ఉన్నాడు. యజమానిని చూడగానే లేవబోయి, కాళ్లు వణికి, మళ్లీ కూలబడ్డాడు.

"కోప్పడకు. పొమ్మన్నావు, పోతున్నాను. గట్టు నిటారుగా ఉంది, దిగలేకపోయాను. ఇంకాసేపట్లో దిగుతాను" అన్నాడు.

కొమరెల్లి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అన్నాళ్లకు మొదటిసారి అంత దగ్గరగా చూశాడు. మబ్బు పట్టినట్టున్న కళ్లు. వాచిన కీళ్లు. బొచ్చు మాటున లెక్కకు వచ్చే ఎముకలు.

"నాకు చెప్పొచ్చు కదరా కొండా!"

"సగం గుట్టలో కూర్చుంటే చూస్తావనుకున్నాను."

తెలియక చేశానని కొమరెల్లి అనలేకపోయాడు. చూస్తే తెలిసేది. తాను చూడలేదు.

గొంగడి కొసతో కొండడి మూతి తుడవసాగాడు. ఎంత తుడిచినా తెలుపు పోలేదు. అప్పుడు బూడిద మాట్లాడింది.

"తుడిచింది చాలు కొమరెల్లీ. నేను పోను."

"వాడు దొంగ కాదు. వాడికి ఈ మచ్చ ఎందుకు?"

"ఇది వాడికి మచ్చ కాదు, నీకు గుర్తు. దగ్గరికి పోయి చూసే అలవాటు నీకు లేదు కదా. దూరం నుంచి కూడా కనిపించేలా ఇక్కడే ఉంటాను."

కొమరెల్లి తల వంచుకున్నాడు. ఓదెమ్మ వచ్చాక ఇద్దరూ కొండడిని గొంగడిలో వేసి చెరో కొస పట్టుకుని మోసుకొచ్చారు. దూడంత కుక్క, దారిలో మూడుసార్లు దించవలసి వచ్చింది. గొర్రెలన్నీ చూస్తున్నాయి. వెక్కిరించిన గొర్రె మొహం పక్కకు తిప్పుకుంది.

మరునాడు మొదటి గరిటె మళ్లీ కొండడి తొట్టిలో పడింది. అందులో రొట్టె మెత్తగా నానబెట్టి ఉంది. పొయ్యి పక్కన వాడికి గడ్డి పరుపు అమరింది. ఈల వేయడం మాని, కొమరెల్లి లేచి వెళ్లి వాడి వీపు మీద చెయ్యి వేసి పిలిచేవాడు. తన నియమం గురించి మాత్రం ఇక ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పటినుంచే కుక్కకు వయసు మీద పడగానే ముందుగా మూతి తెల్లబడుతుంది. పొయ్యిలో మొహం పెట్టి వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తెలుపును చూసిన మనిషి రొట్టె నానబెట్టాలి, అడుగు నెమ్మది చేయాలి. చూసి కూడా ఈల వేసి కోప్పడేవాడు ఉంటే, ఆ బూడిద ఉండవలసింది కుక్క మొహం మీద కాదు.