వాగ్దేవి ఫీజు ఎవరు కట్టారు?

బొబ్బిలి దగ్గర ఒక పంచదార మిల్లులో గుమాస్తాగా పనిచేసే కామేశానికి రోజూ నాలుగు గొప్పలు చెప్పుకోకపోతే తిన్నది అరిగేది కాదు. మనసు మాత్రం వెన్న. కూతురు వాగ్దేవి అంటే ప్రాణం.

ఆ పిల్లకు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. జీతాలు చాలని ఇళ్ల పిల్లలకు పరీక్ష పెట్టి చదివించే ట్రస్టు ఒకటి ఆమెకు స్కాలర్‌షిప్ ఇచ్చి, ఫీజంతా నేరుగా కాలేజీకే కట్టేసింది. కామేశం దేవుడికి దండం పెట్టుకున్నాడు. కానీ మిల్లులో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నలుగురూ తనను లేనివాడనుకుంటారని బెంగ, పాపం. "ఒక్కగానొక్క పిల్ల. ఎంతైనా సరే, నేనే కట్టి చదివిస్తున్నా" అనేవాడు.

జనవరిలో అకౌంటెంట్ అప్పలాచారి అందరినీ పిలిచాడు. "పిల్లల కాలేజీ ఫీజు కట్టినవాళ్లు రశీదులు ఇవ్వండి. ఆ మేరకు మీకు పన్ను తగ్గుతుంది" అన్నాడు. కామేశం వైపు తిరిగి, "ముందు మీరే ఇవ్వాలి గురువుగారూ! అందరికంటే పెద్ద ఫీజు మీదేగా!" అన్నాడు.

"రేపు తెస్తాలెండి" అని కామేశం అప్పటికి తప్పించుకున్నాడు. సాయంత్రం కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మడూ, ఫీజు నేనే కట్టినట్టు కాలేజీలో ఒక రశీదు రాయించి పంపవే."

"అదేం మాట నాన్నా? కట్టింది ట్రస్టు కదా! అబద్ధం రాయించామని తెలిస్తే స్కాలర్‌షిప్ ఆపేస్తారు. నా చదువు ఇక్కడితో సరి."

"ఎవరికి తెలుస్తుందే? నలుగురిలో నా పరువు కాపాడు తల్లీ!"

అటునుంచి వెక్కిళ్లు వినిపించాయి. "అంత కష్టపడి తెచ్చుకున్నాను నాన్నా. అది నీకు నామోషీగా ఉందా?" అంది వాగ్దేవి.

"ఏడవకే నా తల్లీ! రశీదూ వద్దు, గిశీదూ వద్దు. తప్పు నాది" అన్నాడు కామేశం.

మర్నాడు మిల్లులో అందరూ టీ తాగుతుండగా గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్లూ కోతలు కోశానయ్యా. మా అమ్మాయి ఫీజులో నాది పైసా లేదు. పరీక్ష రాసి స్కాలర్‌షిప్ గెలుచుకుంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. కామేశం తల వంచుకునే, "ఆచారిగారూ, ఆ డబ్బుకు మా పిల్ల పన్ను కట్టాలా?" అని అడిగాడు.

"చదువు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదండీ. పిల్లకూ లేదు, మీకూ లేదు. కాకపోతే మీరు కట్టని ఫీజుకు మీకు తగ్గింపు రాదు. పన్ను కింద జీతంలో కోత తప్పదు" అన్నాడు ఆచారి. ఆ తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని, "అది సరే, ఆ పరీక్షకు అమ్మాయి ఎలా చదివిందండీ? మా వాడికి కాస్త చెప్పించరూ!" అని బతిమాలాడు. నవ్వినవాళ్లు కూడా చుట్టూ మూగారు.

ఆ నెల జీతం తగ్గింది. అయినా కామేశం కూతురికి ఫోన్ చేసి, "మిల్లంతా నీ మాటేనే! వాగ్దేవి వాళ్ల నాన్న అంటున్నారు నన్ను" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

నీతి: పిల్లలు కష్టపడి సాధించినదాన్ని మన గొప్పగా చెప్పుకుంటే వాళ్లను చిన్నబుచ్చినట్టే. ఎవరి ఘనతను వారి పేరునే చెప్పాలి.