అప్పడం మీద నిలబడ్డ సరుగుడు

ఒకప్పుడు సరుగుడు చెట్టుకి ఒక్కో ఆకు చాపంత ఉండేది. చాపేమిటి, ఒక్క ఆకు పరిస్తే పెళ్ళివారంతా దానిమీద కూర్చుని భోంచేసి, మిగిలిన సగంలో కునుకు తీసేవారు. ఆ నీడలోకి వచ్చిన ఏనుగు దారి తప్పి మూడు రోజులు తిరిగేది.

పిలిస్తే చెట్లు కూడా పేరంటాలకి నడిచొచ్చే రోజులవి. క్రిస్మస్ ముందురోజు, పండగ చెట్టుగా నిలబడమని ఎస్తేరు పిలవగానే, సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు వేళ్ళకంటిన ఇసుక దులుపుకుని ఆమె ఇంట్లోకి వచ్చేసింది.

ఎస్తేరు మొగుడు తీమోతి చేపల వేటకి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "చెట్టుని కిటికీ దగ్గర నిలబెట్టి, కొసన నక్షత్రం దీపం పెట్టు. మంచు ఎంత పట్టినా అది చూసుకుని వచ్చేస్తాను," అని చెప్పాడు.

మధ్యాహ్నానికి రావాల్సిన పడవ. పొద్దు వాలుతోంది, ఇంకా రాలేదు. సముద్రం మీద మంచు గోడ కట్టేసింది. ఎంత చిక్కటి మంచంటే, కొంగలు ఎగరడం మానేసి దానిమీద నడుచుకుంటూ గూళ్ళకి పోతున్నాయి. ఒడ్డు దగ్గర రాళ్ళగుట్ట ఉంది. దీపం కనబడకపోతే పడవ తిన్నగా వెళ్ళి దానికే కొట్టుకుంటుంది.

ఆ ఇంటికి కిటికీ ఒక్కటే. అది ఈశాన్యం మూల ఉంది.

"అక్కడ వద్దే," అంది అత్త దానమ్మ. "ఈశాన్యంలో బరువు పెడితే ఇంట్లో మగపిల్లాడికి కీడు."

"దేవుడు పుట్టిన పశువుల పాకకి ఎవరు వాస్తు చూశారత్తా?"

"ఆయన దేవుడు, ఎక్కడైనా పుడతాడు. సముద్రంలో ఉన్నది నా కొడుకు."

ఇద్దరి భయమూ ఆ ఒక్కడి గురించే.

చెట్టుని పొయ్యి పక్కన పెట్టి చూశారు. ఆకు చివర కమురు వాసన వచ్చింది. గుమ్మం దగ్గర పెడితే, పలకరించడానికొచ్చిన ఏడుగురు ఆకుల్లో ఇరుక్కుపోయారు. నైరుతి మూలకి జరిపితే ఆకులడ్డొచ్చి కిటికీ కనబడనే లేదు.

ఎస్తేరు గవ్వల దండలూ రంగు కాగితాలూ కట్టింది. వేసిన ముడే మూడుసార్లు వేసింది. కట్టినవన్నీ ఆకుల్లో మునిగిపోయాయి. నక్షత్రం పెడితే అదీ మునిగిపోయింది. అల చప్పుడైనప్పుడల్లా ఆమె ఆగి వింటోంది. అలే. పడవ కాదు.

చూసి చూసి సరుగుడే అడిగింది. "దానమ్మత్తా, ఎంత బరువైతే ఒప్పుకుంటావు?"

దానమ్మ వేయించిన అప్పడం ఒకటి తెచ్చి కిటికీ కింద నేలమీద పెట్టింది. "దీనిమీద నిలబడు. విరక్కపోతే నీకు బరువు లేనట్టే."

సరుగుడు ఒక్క వేరు మోపిందో లేదో, అప్పడం పొడుం పొడుం. ఇంకోటి పెట్టారు. అదీ పొడుమే. డబ్బాలో ఒక్కటే మిగిలింది.

సరుగుడు కిటికీలోంచి గాలిని పిలిచింది. "గాలీ, నా ఆకులు చీల్చెయ్."

"ఊళ్ళో చెట్లన్నీ కుళ్ళుకునే ఆకులే అవి, మతి పోయిందా? నొప్పెడుతుంది."

"పెట్టనీ. ఎస్తేరు పడవ చప్పుడు కోసం వింటోంది. నేను ఊపిరి కూడా గట్టిగా తియ్యను. నువ్వు కానీ."

గాలి లోపలికి దూరింది. ఆకు తర్వాత ఆకు చీల్చింది. వెయ్యి పడవలకి తెరచాపలు కుట్టేంత ఆకు కిటికీలోంచి ఎగిరిపోయింది. సరుగుడు ఊపిరి బిగబట్టింది, కిక్కురుమనలేదు. చివరికి ఆకుల్లో ఈనెలే మిగిలాయి, సన్నగా, దారాల్లా.

అప్పుడు ఆ మిగిలిన అప్పడం మీద వేరు మోపింది. దానమ్మ వంగి నేలకి చెవి ఆనించింది. చిటుక్కు కూడా లేదు.

"చూస్తావేమే, దీపం పెట్టు," అంది దానమ్మ.

ఎస్తేరు కొసన నక్షత్రం కట్టి దీపం వెలిగించింది. వెలుగు ఈనెల సందుల్లోంచి దూసుకెళ్ళి మంచులో పడింది. అత్తాకోడళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఒక అల వచ్చింది. ఇంకో అల వచ్చింది.

మంచులోంచి ఒక గొంతు వినబడింది. "ఏమే ఎస్తేరూ, చెట్టు పెట్టమంటే ఈనెల చీపురు పెట్టావేంటే?"

ఎస్తేరు నవ్వుతూ ఏడుస్తూ ఒడ్డుకి పరిగెత్తింది.

అప్పుడు వదిలింది సరుగుడు, అంతసేపూ బిగబట్టిన ఊపిరి. 'ఉస్స్స్...'మంటే ఆ ఊపిరికి మంచు మంచంతా చెదిరి పక్క దేశంలో పడింది. మర్నాడు పండగయ్యాక సరుగుడు ఒడ్డుకి తిరిగి వెళ్ళింది. ఊపిరి మాత్రం ఇంకా వదులుతూనే ఉంది. అంత నొప్పీ అంత భయమూ ఒక్కపూటలో తీరుతాయా మరి?

అప్పటినుంచే సరుగుడుకి ఆకులుండాల్సిన చోట ఈనెలే ఉంటున్నాయి. గాలి కాస్త తాకితే చాలు, ఇప్పటికీ అది 'ఉస్స్స్' అంటుంది.