గౌసియా గది

దస్తగిరి బండికి దమ్ము ఉన్నట్టే ఉండి, అంతలోనే పోయేది. చదునైన రోడ్డు మీద కాసేపు బాగానే పరుగెత్తేది. ఎత్తు తగిలిందంటే ఎంత తొక్కినా లాగేది కాదు. మూలిగి మూలిగి ఆగిపోయేది.

అతను కడపలో పేరున్న డీజిల్ మెకానిక్కు. చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని అందరూ అనేవాళ్లు. అలాంటివాడికి సొంత బండే మాట వినకపోతే ఇక పరువేం కావాలి? ఫిల్టర్లు మార్చాడు. ఫీడ్ పంపు విప్పి కడిగాడు. నాజిళ్లు పరీక్ష చేయించాడు. ప్రతిసారీ "ఇదిగో, దొరికింది జబ్బు" అనేవాడు. బండి బుద్ధిగా బయలుదేరేది. మరో ఎత్తు దగ్గర మళ్లీ మొండికేసేది.

అది నిజానికి ఒక ఇల్లు. పాత బస్సు కొని, సీట్లన్నీ పీకేసి, అతనూ భార్య గౌసియా కలిసి కట్టుకున్నారు. ముందు పొయ్యి, నడుమ ఒక బల్ల, వెనక చిన్న పడకగది. పని పూర్తయ్యాక ఆమె అందులో ఒక్క వానకాలమే ఉంది. జ్వరం తగిలి కన్నుమూసింది. కడప పక్కనున్న కొండ దాటి ఒక్క ఊరైనా చూడలేదు.

ఆ తర్వాత దస్తగిరి యాకూబ్ షా బాబా దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆ బండిలోనే బాబాను దర్గాల వెంట తిప్పుతున్నాడు. బాబాకు ఇంజను సంగతి బొత్తిగా తెలియదు. ఏ ఊళ్లో ఏ మిఠాయి బాగుంటుందో మాత్రం బాగా తెలుసు.

వెనక గది తలుపు దస్తగిరి ఎవరినీ తియ్యనిచ్చేవాడు కాదు. లోపల గౌసియా చీర, తలగడ ఉన్నాయి. ఆమె పూసుకునే మల్లె అత్తరు, తలనూనె కలిసిన వాసన ఇంకా ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక తలుపు వారగా తీసి, ముఖం లోపలికి పెట్టి, గబుక్కున మూసేసేవాడు. ఆ కాస్త వాసన కోసం వారమంతా బతికేవాడు.

"బాబా, ఈ దిగులు ఎప్పటికి పోతుంది?" అని ఒకసారి అడిగాడు.

బాబా టీ పెట్టమన్నాడు.

ఒకరోజు గువ్వలచెరువు ఘాటు రోడ్డు ఎక్కుతున్నారు. పైనున్న ఊరికి పోతే పాలకోవా తినొచ్చని బాబాకు పొద్దుటి నుంచి అదే జపం. సగం కొండ ఎక్కాక బండి ఆగిపోయింది.

దస్తగిరి స్టీరింగును అరచేత్తో కొట్టాడు. "ఇంక నావల్ల కాదు బాబా. పాత ఇనుముకు వేసేస్తా."

అనేశాక వెనక గది తలుపు వైపు చూశాడు. బండి పోతే ఆ గదీ పోతుంది.

పానాల సంచి తీసుకుని దిగబోయాడు. బాబా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వుండు నాయనా. ఈసారి నేను చేస్తా."

"మీకేం తెలుసు బాబా?"

"నువ్వు ప్రతిసారీ మొదట చేసేది తెలుసు."

డీజిలు మీటరు ఎప్పుడో పాడైంది. అందుకే బండి ఆగిన ప్రతిసారీ దస్తగిరి ముందుగా ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి చూసేవాడు. ఆ తర్వాతే పానా పట్టేవాడు.

బాబా మెల్లగా దిగి వెనక్కి వెళ్లి మూత తిప్పాడు. గాలి బుస్సుమని లోపలికి దూరింది. ఆ చప్పుడు డ్రైవరు సీటు దాకా వినిపించింది.

"ఇప్పుడు తిప్పు!" అని కేకేశాడు.

బండి వెంటనే అందుకుంది.

దస్తగిరి దిగి వచ్చాడు. బాబా అరచేతిలో ఉన్న మూతను చూసి తల దించుకున్నాడు. గాలి ఆడటానికి ఆ మూతకు సన్న బెజ్జం ఉంటుంది. గౌసియా పోయాక దాన్ని తన చేత్తోనే సబ్బుతో పూడ్చి, కింద రబ్బరు వాషరు బిగించాడు. ట్యాంకు సరిగ్గా వెనక గది కిందే ఉంది మరి. డీజిలు కంపు పైకెక్కి గౌసియా వాసనను తినేస్తోందని అతని భయం. ఇన్నాళ్లూ బండిని కదిలించింది రిపేరు కాదు, కర్ర ముంచడానికి మూత తీసినప్పుడు దూరిన గాలే. గాలి అందని ట్యాంకు డీజిలు వదలదని పనికి కొత్తగా వచ్చినవాడికి కూడా తెలుసు. అతనికీ తెలుసు. తెలిసీ అటువైపు మనసును పోనివ్వలేదు.

"ఆ బెజ్జం తెరిస్తే కంపు కొడతాది బాబా." అతను తల ఎత్తకుండానే అన్నాడు. "ఆయమ్మి వాసన పోతాది. ఇంక నా కాడ ఏం మిగుల్తాది?"

బాబా కాదనలేదు.

"బస్సును ఇల్లు చేద్దామని ఎవరన్నారు?"

"తనే."

"ఎందుకంట?"

దస్తగిరి కొండ మీదికి పోయే రోడ్డు వైపు చూశాడు.

"ఊర్లు తిరగాలని."

బాబా మూతను అతని చేతిలో పెట్టి, వెళ్లి తన చోట కూర్చున్నాడు.

దస్తగిరి వెనక గది తలుపు బార్లా తీశాడు. తలగడలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత కిటికీ తెరకు గౌసియా గుచ్చిన పిన్నీసు తీసుకున్నాడు. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, మూత బెజ్జంలోంచి సబ్బు కొంచెం కొంచెంగా గీకేశాడు. వాషరు పీకి లోయలోకి విసిరాడు.

బండి ఘాటంతా ఒక్క ఊపున ఎక్కింది. డీజిలు కంపు గదంతా నిండింది. పిన్నీసు లేని తెర గాలికి కొట్టుకుంటూనే ఉంది.

గువ్వలచెరువులో కోవా అంగడి ముందు బండి ఆగింది. బాబా పొట్లం విప్పుకుని శిష్యుడి కోసం చూశాడు. దస్తగిరి వెనక గదిలో ఉన్నాడు. కిటికీ రెక్క పూర్తిగా తోసి పట్టుకుని, ఎవరికో చోటిస్తున్నట్టు ఒక పక్కకు జరిగి నిలబడ్డాడు.

"కొండ దాటినాం గౌసియా," అంటున్నాడు. "చూడు."