రాయని ఉత్తరాలు

యుద్ధానికి వెళ్లినవాళ్లు ఇళ్లకు పంపిన ఉత్తరాలకు విలువ కట్టి కొని, విజయమందిరంలో దాస్తామని రాజుగారు చాటింపు వేయించారు. బుట్టలల్లే ఈదమ్మ ఇరవై మూడు తాటాకులు పట్టుకుని కొలువుకొచ్చింది.

విలువ కట్టే విరూపాక్షయ్య ఆకులు తిరగేసి మండిపడ్డాడు. "ఒక్క అక్షరం లేదు! ఖాళీ ఆకులతో ప్రభువునే మోసం చేస్తావా? కొరడా దెబ్బలు తింటావు!"

ఈదమ్మ ఒక ఆకును పైకెత్తి చూపింది. "మా ఆయనకు రాయడం రాదు, నాకు చదవడం రాదు బాబయ్యా. బతికుంటే పున్నమి పున్నమికీ ఒక ఆకు పంపుతానన్నాడు. పంపాడు."

"అయితే మాత్రం? ఖాళీ ఆకు చిల్లిగవ్వ చెయ్యదు!"

ఈదమ్మ రాజుగారి వైపు తిరిగి చేతులు జోడించింది. "మారాజా, ఆ యుద్ధంలోనే యువరాజుగారి జాడ రెండు నెలలు తెలియలేదంట కదా. అప్పుడు ఆయన పంపిన ఖాళీ ఆకు ఒక్కటొచ్చి ఉంటే తమరెంత ఇచ్చేవారు?"

రాజుగారు సింహాసనం దిగి వచ్చి, ఆ ఆకులను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారు.

"రాజ్యమే ఇచ్చేవాణ్ణి. వీటిని కొనే శక్తి నా ఖజానాకు లేదు తల్లీ. మరి... ఇరవై నాలుగో పున్నమికి?" అడగలేక ఆగిపోయారు.

"ఆకు రాలేదు మారాజా," అంది ఈదమ్మ. "ఆయనే వచ్చాడు. మీ వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు."