కెంపవ్వ సగం మాట

అనగనగా ఒక అడవి ఉండేది. అందులో సగం కొండ, సగం మైదానం. రెండింటికీ కలిపి ఒకటే సభ. ఆ సభ మాత్రం ఎప్పుడూ మైదానంలోనే జరిగేది. కొండ జంతువులు పొద్దున్నే లేచి, రాళ్ళ మీద కాళ్ళు గీరుకుంటూ దిగి వచ్చేసరికి అక్కడ మాటలన్నీ అయిపోయి ఉండేవి. "అయ్యో, ఆలస్యంగా వచ్చారే!" అనేవారు మైదానం పెద్దలు. ఇలా ఎన్నాళ్ళని ఊరుకుంటారు చెప్పండి? చివరికి కొండ మీద ఒక మాట పుట్టింది.

"మన సభ మనమే పెట్టుకుందాం."

పుట్టింది చిన్న మాటే. కానీ ఏటికేడు పెరిగింది. రాబోయే పున్నమికి కొండవాళ్ళంతా ఒకచోట చేరి, విడిపోవాలో కలిసుండాలో తేల్చుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ కబురు తెలిసిన రోజు నుంచి మైదానానికి కంటి మీద కునుకు లేదు.

ఆ అడవిలో కబుర్లు చాటే పని గోరువంకలది. గోరువంక ఎవరి గొంతు వింటే ఆ గొంతుతోనే పలుకుతుంది కదా! ఎలుగుబంటి మాటను ఎలుగుబంటి గొంతుతో, కుందేలు మాటను కుందేలు గొంతుతో చాటేవి. అందుకే ఎవరూ అనుమానపడేవారు కాదు. "నా చెవులారా విన్నాను" అనేవారు. విన్నది పిట్ట నోటి నుంచి అన్న సంగతి పాపం ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ గోరువంకల్లో సన్నాయిని మించినది లేదు. సన్నాయి పుట్టింది కొండ మీద. పని చేసేది మైదానంలో, చాటింపు బండ దగ్గర. ఆ బండకు పెద్ద ధవళయ్య అనే కొంగ. ధవళయ్య తెల్లగా, శుభ్రంగా, ఒంటికాలి మీద నిలబడి ఉండేవాడు. "నా జన్మలో ఒక్క అబద్ధం చాటించలేదు" అని రోజూ చెప్పుకునేవాడు. అది నిజమే, కాదనడానికి లేదు.

సన్నాయికి ఒక బెంగ ఉండేది. ఏ చిన్న పొరపాటు జరిగినా తోటి పిట్టలు ఓరగా చూసి, "కొండదానివి కదా, మీవాళ్ళ వైపే మాట్లాడతావులే" అనేవి. ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. తను ఎవరి వైపూ కాదని రుజువు చేసుకోవాలని దానికి ఒకటే ఆరాటం. రుజువు చేసుకోమని అడిగేవాళ్ళు ఎప్పటికీ తృప్తి పడరని ఆ పిచ్చిదానికి ఎవరు చెప్పాలి?

ఒకరోజు కొండ తరఫున మాట్లాడటానికి కెంపవ్వ దిగి వచ్చింది. కెంపవ్వ మొరిగే జింక. ఎర్రటి ఒళ్ళు, నెరిసిన మూతి. వేటకు రేచుకుక్కల గుంపు వస్తుంటే పై నుంచి ముందుగా చూసేది మొరిగే జింకలే. అవి "భౌ, భౌ" అని అరిస్తే మైదానంలో తల్లులు పిల్లల్ని తీసుకుని పొదల్లో దూరేవారు. ఆ అరుపును అందరూ కాపుకేక అనేవారు. కొండకూ మైదానానికీ మధ్య ఎన్ని పేచీలు వచ్చినా కాపుకేక మాత్రం ఏనాడూ ఆగలేదు.

బండ చుట్టూ జనం మూగారు. ముందుగా ఒక అడవిపంది అడిగింది. "విడిపోతే మా ఉప్పునేలకు మళ్ళీ రారుగా?"

"ఉప్పు లేకుండా మేమెట్లా బతుకుతాం అన్నా? వస్తాం. మా కొండ ఉసిరికాయలు మీకు తెస్తాం" అంది కెంపవ్వ.

సన్నాయి చాటడానికి రెక్క విప్పింది. ధవళయ్య మెల్లగా పిలిచాడు. "అమ్మాయ్, అంత పొడుగు మాట ఎవరు వింటారు? ఉసిరికాయల సంగతి వదిలెయ్."

సన్నాయి వదిలేసింది. మైదానమంతా కెంపవ్వ గొంతే వినిపించింది. "ఉప్పు లేకుండా మేమెట్లా బతుకుతాం? వస్తాం." మైదానం వాళ్ళు మూతులు విరిచారు. "విడిపోతారట, ఉప్పు మాత్రం మనదే నాకుతారట!"

తర్వాత ఒక తాబేలు అడిగింది. "మరి వాగు ఎవరిది?"

"వాగు పుట్టింది మా కొండలోనే. పుట్టినంత మాత్రాన మాదైపోతుందా? అది పారే చోటల్లా అక్కడి వాళ్ళదే" అంది కెంపవ్వ.

ఈసారి ధవళయ్య మాట కూడా అనలేదు, కన్ను ఆర్పాడంతే. "వాగు పుట్టింది మా కొండలోనే" అని చాటింది సన్నాయి. తాబేళ్ళన్నీ ఆ సాయంత్రమే నీళ్ళు దాచుకోవడానికి గుంటలు తవ్వుకున్నాయి.

ఆఖరున చుక్కమ్మ అనే దుప్పి ముందుకు వచ్చింది. దాని పక్కనే కొత్తగా పుట్టిన కూన వణుకుతూ నిలబడి ఉంది. చుక్కమ్మకు పేచీ పెట్టుకోవాలని లేదు. భయపడుతూ అడిగింది.

"అవ్వా, మీరు విడిపోతే మాకు కాపుకేక వేస్తారా?"

కెంపవ్వ కూన వైపు చూసింది. అవ్వ గొంతు మెత్తబడింది. "నీ దగ్గర దాపరికం ఎందుకు బిడ్డా! కాపుకేక మానేద్దామని మా కుర్రాళ్ళు కొందరు అంటున్నారు. వాళ్ళ కోపం వాళ్ళది. నేను బతికుండగా మాననివ్వను. నీ పిల్ల ఒకటీ, నా పిల్ల ఒకటీనా?"

చుక్కమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ మాట చాలవ్వా" అని కూనను తీసుకుని వెళ్ళబోయింది. ధవళయ్య దాన్ని ఆపాడు. "తొందరెందుకమ్మా? ఇక్కడ సవాలక్ష అంటారు. చాటింపయ్యాక ఏది ఖాయమో తేలుతుంది, అప్పుడు నమ్ము."

కెంపవ్వ కొండదారి పట్టాక సన్నాయిని పక్కకు పిలిచాడు. "కాపుకేక మానేద్దామని అందా, లేదా?"

"అంది అయ్యగారూ. కానీ ఆ తర్వాత..."

"అంది కదా! అన్నది చాటమంటున్నాను. ఒక్క అక్షరం కల్పించమన్నానా? నువ్వు కొండదానివని, ఇలాంటి చోట నీకు నాలుక తిరగదని అందరూ అంటుంటే నేనే నిన్ను వెనకేసుకొచ్చాను. నా పరువు తీయకు."

సన్నాయి బండ మీద నిలబడింది. గొంతులో మాట మొత్తం ఉంది. మొత్తం చాటితే ఏమయ్యేది? మహా అయితే పని పోయేది. పురుగులు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ తోటి పిట్టలన్నీ ఓరగా చూస్తున్నాయి. సన్నాయి నోరు తెరిచింది.

"కాపుకేక మానేద్దాం."

అచ్చం కెంపవ్వ గొంతు. ఆ గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళింది. "నా ముందు అలా, చాటింపులో ఇలానా అవ్వా!" అని చుక్కమ్మ కూలబడిపోయింది.

ఆ తర్వాత అడవిలో ఎవరూ ఎవరితోనూ నెమ్మదిగా మాట్లాడలేదు. మైదానం పిల్లలు కొండవాళ్ళు కనబడితే రాళ్ళు దొర్లించారు. కొండ కుర్రాళ్ళు గోరువంక కనబడితే చాలు, కొమ్ములతో కుమ్మబోయారు. "అమ్ముడుపోయిన పిట్టా!" అని సన్నాయిని తరిమారు. కొండలోనే అన్నదమ్ములు రెండుగా చీలిపోయారు. పున్నమి వచ్చింది. ఉప్పు పోతుందని కొండ మీది కుందేళ్ళు, గొడవలు ముదురుతాయని ముళ్ళపందులు భయపడ్డాయి. కొద్ది తేడాతో కలిసుండటమే గెలిచింది. ధవళయ్య ఆ రోజు రెండు కాళ్ళ మీదా నిలబడి ఆనందించాడు.

కలిసుండటం గెలిచింది కానీ కలిసి ఉన్నవాళ్ళు ఎవరు? ఉప్పునేల దగ్గర కొండవాళ్ళు కనబడితే మైదానం వాళ్ళు లేచిపోయేవారు. ఒక తెల్లవారుజామున కొండ మీద నుంచి కాపుకేక వేస్తే కింద నుంచి నవ్వులు వినిపించాయి. "మానేద్దామన్నారుగా! ఇప్పుడెందుకు అరుస్తున్నారు? మనల్ని భయపెట్టడానికే!"

ఆ నవ్వు విని కొండ కుర్రాళ్ళకు ఒళ్ళు మండింది. "మేం మానేద్దామన్నామని వాళ్ళే అంటున్నారు. సరే, మానేద్దాం" అన్నారు. కెంపవ్వ బతిమాలింది, అడ్డం పడింది. "నీ మంచితనమే మనల్ని ఇక్కడికి తెచ్చింది" అని కసిరారు కుర్రాళ్ళు. కెంపవ్వ ఒక్కతే శిఖరం మీద నిలబడి అరిచింది. ముసలి గొంతు, సగం దూరం కూడా రాలేదు. కొన్నాళ్ళకు ఆ గొంతు కూడా పోయింది.

ఇదంతా చూస్తూ సన్నాయికి తిండి సహించలేదు. ఒకరోజు ధవళయ్య లేని సమయం చూసి బండ ఎక్కి మాట మొత్తం చాటింది. "నేను బతికుండగా మాననివ్వను. నీ పిల్ల ఒకటీ, నా పిల్ల ఒకటీనా?" కెంపవ్వ గొంతుతోనే చాటింది. దారిన పోయే అడవిపంది ఆగి విని, "అబ్బో! ఇప్పుడు కొత్త మాట కల్పిస్తోంది. కొండబుద్ధి ఎక్కడికి పోతుంది?" అని వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. రేచుకుక్కలు వచ్చాయి. కొండ మీద వాటిని చూసినవారు ఉన్నారు. ఎవరూ కేక వేయలేదు.

మర్నాడు సన్నాయి వాగు ఒడ్డున చుక్కమ్మను చూసింది. చుక్కమ్మ పక్కన కూన లేదు. నేల మీద నెత్తురు ఎండిపోయి ఉంది. సన్నాయి పక్కనే వాలింది. తప్పంతా ఒప్పుకుందామని నోరు తెరిచింది.

దానికన్నా ముందే చుక్కమ్మ తలెత్తింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"కాపుకేక మానేస్తారని నువ్వు ముందే చెప్పావమ్మా. నేనే ఎక్కడో ఆశ పెట్టుకున్నాను. ఈ అడవిలో మాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే" అంది.

సన్నాయి గొంతులోంచి ఏ గొంతూ రాలేదు. చుక్కమ్మ దాని రెక్కను ఆప్యాయంగా ఒక్కసారి నాకి, మిగిలిన మందతో వెళ్ళిపోయింది.

నీతి: ఒకరి మాటను సగానికి కోసి చాటకండి పిల్లలూ. ఆ సగమే నిజమై కూర్చున్నాక మిగతా సగాన్ని వినేవారు ఉండరు.