మల్లెతొట్టిని మేకకు అప్పగించిన కుందేలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఎవరూ ఉండని ఒక బంగళా. దాని వాకిట్లో ఒక సిమెంటు తొట్టి, అందులో ఒక మల్లెచెట్టు. ఆ చెట్టును చెవులక్క అనే కుందేలు కంటికి రెప్పలా చూసుకునేది.

ఆకు మాత్రం గుబురుగా ఉండేది. పువ్వు ఒక్కటీ లేదు. బంగళా చూరు కింద తేనెటీగలు కాపురం ఉండేవి. వాటి పెద్దమ్మ ఒకరోజు వచ్చి, "అక్కా, ఈ వేసవిలోనూ పువ్వు లేకపోతే మేం కొండ అవతలికి పోతాం. పిల్లలు పస్తులుంటున్నారు" అంది. చెవులక్కకు వాళ్లు తప్ప ఇరుగుపొరుగు లేరు.

పాపం, తొట్టిలో ఇంకాస్త నీళ్లు పోసింది. ఆకులు పెరిగాయి. పేడ ఎరువు వేసింది. ఆకులు ఇంకా పెరిగాయి. చివరికి చెట్టును బతిమాలింది కూడా. నవ్వకండి, దిగులు పడ్డవాళ్లు అలాగే చేస్తారు.

అప్పుడు మందలోంచి తప్పిపోయిన ముసలి మేక ఒకటి అటు వచ్చింది. తొట్టిని చూసి లొట్టలు వేసింది.

"కుందేలక్కా, ఈ ఆకంతా నన్ను తిననియ్యి. కొన్నాళ్లు నీళ్లు ఆపు. చెట్టు పూస్తుంది" అంది.

"నీ కడుపు నింపుకోవడానికి ఎంత చక్కటి కథ అల్లావే" అంది చెవులక్క.

"నాకు ఆకలన్నది నిజమే. నేను చెప్పిందీ నిజమే. మల్లెతోటల ఊళ్లో పెరిగినదాన్ని. చలి తగ్గగానే రైతులు మమ్మల్ని తోటలోకి తోలి ఆకు మేపించేవాళ్లు. పాత ఆకు పోతేనే మొగ్గ తొడుగుతుంది."

చెవులక్క తొట్టి చుట్టూ తిరిగింది. మేకను నమ్మి చెట్టును అప్పగిస్తే విన్నవాళ్లు ఏమంటారు? కానీ ఈ మేక తన ఆకలిని దాచలేదు. "సరే, కొమ్మలు మాత్రం కొరకొద్దు" అని పక్కకు జరిగింది.

సాయంత్రానికి తొట్టిలో పుల్లలే మిగిలాయి. అది చూసి తేనెటీగలు ప్రయాణానికి సిద్ధమయ్యాయి. చెవులక్క వెక్కి వెక్కి ఏడ్చింది. అయినా నీళ్లు పోయలేదు. మేక అక్కడే కూర్చుంది. "నేనెక్కడికీ పోను. చెట్టు పూయకపోతే తిట్టడానికి నీకు ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది. "పెద్దమ్మా, కొంచెం ఆగండి" అని తేనెటీగలకూ చెప్పింది. అవి సరేనని ఆగాయి.

కొన్నాళ్లకు కణుపుల దగ్గర చిగుళ్లు కనిపించాయి. "ఇప్పుడు నీళ్లు పొయ్యి" అంది మేక. ఎండలు ముదిరేసరికి కొమ్మ కొమ్మకూ మొగ్గలు. ఒక సాయంత్రం అవన్నీ విచ్చుకున్నాయి. బంగళా అంతా ఘుమఘుమలాడింది.

తెల్లారేసరికి తేనెటీగలన్నీ తొట్టి మీదే ఉన్నాయి. "అక్కా, ఇక మేం ఎక్కడికీ పోవడం లేదు" అంది పెద్దమ్మ. చెవులక్క ఆనందం పట్టలేక మేక మెడ కౌగిలించుకుంది.

నీతి: చెప్పేవాళ్లకు లాభం ఉన్నంత మాత్రాన మంచిమాట చెడ్డది కాదు. మాటలో నిజం ఎంతుందో చూడాలి.