సగం మాట కాపలా

ఓబిలేసు నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడిని రాజుగారు ఖజానా కాపలాకి ఎందుకు పెట్టారో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు.

రాజుగారు వేటకెళ్లిన సందు చూసుకుని, ఖజానా దోచుకుందామని మంత్రి వచ్చాడు. రహస్యపు మాట వింటేనే లోపలి భటులు గడియ తీస్తారు.

"ఆ మాటేంటో చెప్పరా, లేకపోతే తల తీయిస్తా!"

"'గుమ్మడి' అయ్యా!" అనేశాడు ఓబిలేసు.

మంత్రి గొంతు చించుకుని అరిచినా తలుపు తెరుచుకోలేదు.

"అది సగమేనయ్యా. నా నోటిమీద నాకే నమ్మకం లేదని మొరపెట్టుకుంటే, మిగతా సగం రాజుగారు మా ఆవిడకి చెప్పారు."

"అయితే పోయి అడుగు!"

ఓబిలేసు తల గోక్కున్నాడు. "ఆవిడ గుట్టంతా ఊళ్లో వాగేశానని, పెళ్లయిన కొత్తలోనే నాతో మాటలు మానేసిందయ్యా. నా పేరెత్తినవాళ్లతోనూ మాట్లాడదు. రాజుగారు మమ్మల్నిద్దర్నీ ఏరికోరి పెట్టుకున్నది అందుకే!"